పక్క సీటు బెల్టు

కాన్పులు చేసే నర్సమ్మది చవక రకం జపాన్ కారు. ఆ పేరుతో కార్లు చేయడం కంపెనీ ఒకసారి ఆపేసి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపేసింది. "స్పేర్ పార్టులు దొరకవు, అమ్మేయి వదినా," అని మరిది పోరుతూనే ఉన్నాడు. పన్నెండేళ్లలో ఒక్క కాన్పుకూ ఆలస్యం చేయని కారును వదులుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ రాత్రి తొలికాన్పు నొప్పులు పడుతున్న పిల్ల కోసం అడవి దారిలో వెళ్తుంటే, పక్క సీటు బెల్టు అలారం మోగింది. సీటు ఖాళీగా ఉంది. సంచీ కూడా వెనకే ఉంది.

"ఎవరైనా ఉంటే బెల్టు పెట్టుకోండి బాబూ," అంది, భయం పోగొట్టుకోవడానికి నవ్వుతూ.

బెల్టు టక్కుమని పడింది. అలారం ఆగిపోయింది.

అయినా ఆమె కారు ఆపలేదు. అక్కడ రెండు ప్రాణాలు తన కోసం ఎదురుచూస్తున్నాయి. వంతెన దగ్గరపడుతుండగా బెల్టు ఊడి, అలారం చెవులు పగిలేలా మోగింది. ఆమె బ్రేకు తొక్కింది. లైట్ల వెలుగులో నాలుగడుగుల ముందు వంతెన కూలిపోయి ఉంది. కింద ఏరు హోరెత్తుతోంది.

కారు వెనక్కి తిప్పి చుట్టుదారి పట్టింది. ఇంతలో ఫోను మోగింది.

"ఎక్కడున్నారమ్మా?" అని ఆ పిల్ల తల్లి ఏడుపు గొంతుతో అడిగింది.

"వచ్చేస్తున్నాం. ధైర్యంగా ఉండమను," అంది నర్సమ్మ.

పక్కన బెల్టు మెల్లగా టక్కుమంది.