నిండుకుంది

కొండమీది పైన్ చెట్లకు వాసన పసిగట్టి మాటల్లో చెప్పే పెట్టెలు కట్టిన నాటి నుంచి చెట్లు తమ సంగతి తామే చెప్పుకుంటున్నాయి. చిలకమ్మకు మాత్రం ఆ పెట్టె గొంతు మీద నమ్మకం కుదరలేదు. ఆమె పెరట్లోని పైన్ చెట్టు, చనిపోయిన భర్త నాటినది.

ఆ ఉదయం పెట్టె, "జిగురు నిండుకుంది," అంది.

"నిండిందట వదినా. పురుగు దూరితే జిగురులో ములిగిపోద్ది. అన్న సెట్టుకి బయం లేదు," అన్నాడు మరిది సొంబ్రు సంబరంగా.

"మీ ఇంట్లో బియ్యం నిండుకుంటే పండగ సేసుకుంటావేటి?"

సొంబ్రు నవ్వబోయి ఆగిపోయాడు. చిలకమ్మ కత్తితో బెరడు కొంచెం చెక్కింది. జిగురు ఒక్క చుక్క కూడా రాలేదు. లోపల పురుగులు తొలిచిన సన్నటి దారులున్నాయి, వాటి వెంట అవి మోసుకొచ్చిన బూజు నీలంగా పాకి ఉంది. ఇక ఆ పురుగులు వాసనతో తమవాళ్లను పిలుస్తాయి. తరవాత కొండమీది చెట్లన్నిటికీ ఇదే గతి.

"పెట్టెని ఇంకోపాలి అడుగుదాం వదినా."

"వద్దు. రంపం అట్టుకురా. నాకూ నిండిందనే ఇనాలనుంది. ఇంకోపాలి అడిగితే నమ్మేత్తాను."