బాబాయ్ ముక్కు

వీధి మొదట్లో ఉన్న బంకులో, భూమిలోపలి పెట్రోలు ట్యాంకు కారుతోందని తెలిసిన రోజున వీధి వీధంతా లబోదిబోమంది. బాబాయ్ ఒక్కడే సంతోషించాడు.

మామూలు సంతోషమా? చేతిలో పేపరు పక్కన పడేసి, చెప్పులైనా వేసుకోకుండా బంకు దాకా వెళ్లొచ్చాడు. అక్కడ చుట్టూ తాడు కట్టేశారు. ట్యాంకులో మిగిలిన పెట్రోలంతా లారీలోకి తోడేస్తున్నారు. బంకు పక్కింటి బావిలో నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలిందట. పొయ్యి వెలిగించొద్దని, స్విచ్చుల జోలికి పోవద్దని ఇంటింటికీ చెప్పి వెళ్తున్నారు. ఇంత ఉపద్రవం కళ్లారా చూసొచ్చి, బాబాయ్ గుమ్మంలోంచే కేకేశాడు.

"విన్నావా తల్లీ, నిజంగానే పెట్రోలు. నా పిచ్చి కాదు."

అమ్మాయి ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

అమ్మాయంటే ఆయన అన్న కూతురు. తల్లి పురిట్లోనే పోయింది. నడక వచ్చీరాని వయసులో తండ్రీ పోయాడు. దుకాణం, పిల్ల, రెండూ బాబాయ్ మీద పడ్డాయి. పెళ్లి ఊసెత్తకుండా ఆ పిల్లని గుండెల మీద పెట్టుకుని పెంచాడు. కన్నతండ్రి కూడా ఇంత చెయ్యడని తెలిసినవాళ్లంతా అనేవారు. ఆ మాటకి బాబాయ్ అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేవాడు. పొగడ్త పడని మనిషి అనుకునేవారు.

అలాంటి మనిషికి ఈ వాసన పట్టుకుంది. అన్నం కలిపితే పెట్రోలు. ఉతికిన దుప్పటి కప్పుకుంటే పెట్రోలు. అమ్మాయి తన పసిగుడ్డుని తెచ్చి ఒళ్లో పెడితే, వాడి మాడు వాసన చూసి గభాల్న తిరిగిచ్చేశాడు. అప్పుడు మాత్రం ఆమె మనసు చివుక్కుమంది. ఇంట్లో మరెవరికీ ఏ వాసనా లేదాయె. ముక్కు డాక్టరు టార్చి వేసి చూసి, ముక్కు బంగారంలా ఉందన్నాడు. ఇక మిగిలింది మనసు డాక్టరు. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచుదామని అల్లుడు మెల్లగా కదిపాడు. అక్కడ పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచీ జరిగినవన్నీ అడుగుతారట. కడుపులో ఉన్నదంతా కక్కిస్తారట. అది విన్న దగ్గర్నుంచీ బాబాయ్‌కి ముద్ద దిగలేదు.

అందుకే ఈ బంకు వరమైంది. కారిన పెట్రోలు నేలలోపల ఎంత దూరమైనా పాకుతుందట. ఆవిరై ఇళ్ల తూముల్లోంచి పైకొస్తుందట. ఆ ఆవిరిని పసిగట్టే మీటరు తెచ్చి ఇంటింటా పెట్టి చూస్తారట. మన ఇంట్లో మీటరు ముల్లు కదిలిందంటే ఆసుపత్రి మాట ఎత్తకూడదని అమ్మాయి మొగుడి దగ్గర మాట తీసుకుంది. కదలకపోతే చేర్పించడమే. వీధిలో అందరూ ముల్లు కదలకూడదని మొక్కుకుంటుంటే, బాబాయ్ కదలాలని మొక్కుకున్నాడు.

మధ్యాహ్నం మీటరాయన వచ్చాడు. బెల్లు నొక్కకుండా తలుపు తట్టాడు. బెల్లులో పుట్టే నిప్పురవ్వ చాలట, ఇల్లు లేచిపోడానికి.

స్నానాలగది తూములోకి గొట్టం దించాడు. ముల్లు కదల్లేదు. వంటింటి తూము దగ్గరా కదల్లేదు. పెరట్లో నేలకి బెజ్జం వేసి అందులోకీ దించాడు. ఊహూ. బాబాయ్ ఆయన వెనకే గది గదికీ తిరిగాడు. మంచం కింద పెట్టమన్నాడు. దిండు దగ్గర పెట్టమన్నాడు. ఇక్కడ గుప్పుమంటోంది, నీకు రావట్లేదూ అని బతిమాలాడు.

మీటరాయన మంచివాడు. విసుక్కోకుండా అన్నిచోట్లా పెట్టి చూశాడు. చివరికి గొట్టం చుట్టేస్తూ, ఈ ఇల్లు బంకు కంటే మెరకలో ఉందనీ, కారిందంతా పల్లానికి, అవతలి వీధివైపు పోయిందనీ చెప్పాడు.

"మీ ఇంట్లో చుక్క కూడా లేదు పెద్దాయనా. హాయిగా పడుకోండి."

బాబాయ్ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. కాసేపటికి రెండు అరచేతులూ చాపి, వీటి దగ్గర ఒక్కసారి పెట్టి చూడు నాయనా అన్నాడు. మీటరాయన అమ్మాయి వైపు చూశాడు. పెట్టమన్నట్టు ఆమె తలూపింది. పెట్టాడు. ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

అమ్మాయి పక్కన కూర్చుని ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"పోనీలే బాబాయ్. నన్ను ఇన్నేళ్లూ నువ్వు చూసుకోలేదూ? ఇప్పుడు నిన్ను నేను చూసుకుంటా. డాక్టరు ఏది అడిగినా దాచుకోకుండా చెప్పెయ్, అంతా నయమైపోతుంది."

మీటరాయన సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్లి, ఏదో అనుమానం వచ్చినట్టు వెనక్కి తిరిగాడు. అసలీ వాసన మొట్టమొదట ఎప్పుడొచ్చిందని అడిగాడు.

జవాబు అమ్మాయే చెప్పింది, ఈ ఇంటికి మారినప్పటి నుంచీ అని. బాబాయ్ ఆమెకి ఎప్పుడూ అలాగే చెప్పేవాడు. ఇప్పుడూ అవునన్నట్టు తలూపాడు.

నిజానికి ఆయనకా వాసన మొట్టమొదట తగిలింది, అన్న నిద్రపోతున్న దుకాణం వెనకగదికి బయట గొళ్లెం పెట్టి, డబ్బా అంతా గుమ్మం కింద ఒంపి, నిప్పంటించి ఇంటికొచ్చి, ఏడుస్తూ లేచిన ఈ పిల్లని ఎత్తుకుని జోకొట్టినప్పుడు.