ఆవుచేప మూలుగు

"ఈ చేప సచ్చిన నాడే నేను కోదాడ బస్సెక్కుత. మల్ల రాను," అంది కమలాబాయి, గాజుతొట్టిని బల్ల మీద దించుతూ.

ఫూల్‌సింగ్ తలూపాడు. భార్య పుట్టింటి నుంచి నలభై రోజులకు తిరిగొచ్చింది. అతను తాగినందుకు పోలేదు. కొట్టినందుకూ పోలేదు. అరిచినందుకు పోయింది. మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఇరవై ఏళ్లుగా మిషన్ల మోతను మించి మాట్లాడీ మాట్లాడీ అతని గొంతు అట్లా అయిపోయింది. ఇంట్లో కూర్చుని నీళ్లు తెమ్మంటే అవతలి ఊరు నిడమనూరులో ఎవరో చెంబు పట్టుకుని లేచేవారు.

తొట్టిలో అరచేతంత పసుప్పచ్చ చేప. నెత్తిన రెండు కొమ్ములు, తోక కింద ఇంకో రెండు.

"ఆవుచేప బాపూ," అంది బైపీసీ చదివే కూతురు హారిక. "సముద్రంల పగడాల నడుమ ఉంటది. ఆరు మూలల పలకలు అతుక్కపోయి ఒళ్లంత పెట్టెలెక్క గట్టిగైతది. అందుకే వంగదు. రెక్కలొక్కటే ఆడుతయ్."

"ఏం తింటది?"

"మెల్లగ అడుగు! నోటితోని నీళ్లు ఊది, ఇసుక కింది పురుగుల్ని అదే ఏరుకుంటది. మనమేం వెయ్యొద్దు. గానీ జర బెదిరిందంటే ఒంట్లకెల్లి విషం వదుల్తది. తొట్టిల ఉన్నయన్నీ సస్తయ్, అది గూడ సస్తది. మామ తొట్టిల పద్నాలుగు చేపలు ఒక్క తుమ్ముకే తేలినయ్."

ఆ రోజు నుంచి ఇల్లు గుసగుసల మీద నడిచింది. తుమ్మొస్తే ఫూల్‌సింగ్ వీధి చివరికి పోయి తుమ్మి వచ్చేవాడు. చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటేవాడు. అప్పడాన్ని పప్పులో నానబెట్టుకుని తినేవాడు.

అయినా చేప అతన్ని వదల్లేదు. ఏ మూలకు పోయినా ఆ రెప్ప వెయ్యని కళ్లు వెంట వచ్చేవి. ఇల్లు సద్దుమణిగితే తొట్టిలోంచి సన్నగా గుర్‌ర్‌మని వినిపించేది.

"మూలుగుతున్నది. పొద్దుగాల ఏమన్న గట్టిగన్నవా?" అనేది కమలాబాయి.

అతను తల అడ్డంగా ఊపేవాడు. మిల్లులో అన్ని మిషన్ల మధ్య కూడా ఆ మూలుగే చెవిలో పడేది. ఇంటికొస్తే మంచం కింద కమలాబాయి సూట్‌కేసు సర్దినట్టే ఉండేది.

ఆదివారం తల్లీకూతుళ్లు సూర్యాపేట పోయారు. అప్పటికి రెండు రోజులుగా చేప మూలుగు కూడా సన్నగిల్లింది. మధ్యాహ్నం మిల్లు గుమస్తా రాజేందర్ ఫోన్ చేసి లారీ ఇంకా రాలేదన్నాడు.

"ఏ లారీరా!"

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికే ఆలస్యమైపోయింది. కిటికీ అద్దం ఇంకా వణుకుతోంది. చేప రెక్కలు ఆగాయి. మూలుగు ఆగింది. అది పక్కకు ఒరిగి, మెల్లగా ఇసుక మీద వాలింది. కళ్లు మాత్రం అతన్నే చూస్తున్నాయి.

ఫూల్‌సింగ్ తొట్టి ముందు కూలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా భార్యకు చెప్పని మాటలన్నీ లంబాడీలో చేపకు చెప్పాడు. తప్పయిందన్నాడు. ఆమె పోతే ఈ ఇంట్లో తను ఎంత అరిచినా పలికేవాళ్లు ఉండరన్నాడు. అంతా గొంతెత్తకుండానే.

తలెత్తితే గడపలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. కమలాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హారిక తొట్టిలోకి వంగి చూసింది. "సావలే బాపూ, సొమ్మసిల్లింది. కిరాణం పోయి గడ్డ ఉప్పు తే. ఉరకకు! అడుగుల సప్పుడు గూడ దానికి ఇనవడ్తది."

కిరాణం కొట్టు మట్టయ్య అతని గుసగుస విని హడలిపోయాడు. "గొంతు పోయిందే ఫూల్‌సింగూ? దవాఖానల సూపిచ్చినవా?"

ఉప్పుతో వచ్చేసరికి చేప తొట్టంతా తిరుగుతోంది. గట్టిగా మూలుగుతోంది. ఆ మూలుగు ఇంత తియ్యగా ఉంటుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. కమలాబాయి సూట్‌కేసులోంచి చీరలు తీసి బీరువాలో పెడుతోంది.

సాయంత్రం చప్పుడు లేకుండా వార్తలు చూద్దామని అతను టీవీ రిమోట్ అందుకుంటే, దాని వెనక మూత ఊడదీసి ఉంది, లోపలి రెండు సెల్లులూ లేవు, పక్కనే చిన్న స్క్రూడ్రైవర్ తొట్టిలోని ఇసుక అంటుకుని తడితడిగా పడి ఉంది.