అనసూర్య ఇచ్చిన నీళ్లు

గ్లాసు ఇంకా రోడ్డు మీద దొర్లుతూనే ఉంది. ప్రశాంత్ బోర్లా పడిపోయాడు.

"నీళ్లల్ల ఏం కలిపినవే?" పక్కనున్న కనకవ్వ అనసూర్య చెయ్యి పట్టి గుంజింది.

అనసూర్య చెయ్యి విడిపించుకుంది. నీళ్ల బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

తెలంగాణ కోసం చేసిన సమ్మె ముగిశాక గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ జరుపుతున్న మొదటి హాఫ్ మారథాన్ అది. ఈ ఆఖరి మలుపు నుంచి స్టేడియం గేటు, దాని పక్కనే వేసిన స్టేజీ కనబడతాయి. అందరికంటే ముందు ఉరికొస్తున్న ప్రశాంత్ దారిలో ఏ బల్ల దగ్గరా ఆగలేదు. ఇక్కడ మాత్రం రోడ్డు దాటి వచ్చి మరీ అనసూర్య చేతిలో గ్లాసు అందుకున్నాడు. గుక్కెడు తాగి కుప్పకూలాడు.

"గీమె సదయ్య పెండ్లాం! పగ తీర్చుకున్నది!" గుంపులో ఎవరో అరిచారు.

ఆ పగ సంగతి కాలనీలో తెలియనిదెవరికి? ఐదేళ్ల కింద గనిలో బండ కూలి సదయ్య చచ్చిపోయాడు. అప్పుడు పక్కనున్నది ప్రశాంత్ తండ్రి, గనిలో కూలీల పని చూసే సర్దార్ జైపాల్ ఒక్కడే. గని పైకప్పు సప్పుడు చేస్తోందని మొత్తుకున్నా సదయ్య వినకుండా లోపలికి పోయాడనీ, లాక్కొద్దామంటే మొదటి బండకే తన మోకాలు చితికిందనీ జైపాల్ ఎంక్వైరీలో చెప్పాడు. తప్పు సదయ్యదేనని తేల్చారు. జైపాల్ మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ నౌకరీ కొడుక్కి వచ్చింది. అప్పటి నుంచి కర్ర లేకుండా జైపాల్ గడప దాటగా చూసినవాళ్లు లేరు. గడప లోపలి సంగతి ఆ ఇంటివాళ్లకే ఎరుక.

అనసూర్యది మాత్రం ఒకటే మాట. "నా పెనిమిటి తప్పు లేదు. ఎన్నటికైనా గా ఇంటోళ్ల నోటితోనే చెప్పిస్త."

ఆనాడు ఎంక్వైరీ చేసిన మేనేజర్ మలుపులో జెండా పట్టుకుని ఉన్నాడు. గాభరాగా వచ్చాడు.

"అంబులెన్స్ ఏది?"

"రన్నర్ల వెనకాల ఉన్నది సార్. జనంల ఇరుక్కున్నది," గుంపులో ఒకడు అన్నాడు.

మేనేజర్ అనసూర్య వైపు తిరిగాడు. "ఏం కలిపావమ్మా? చెప్పు!"

"ఈ పిలగాని నాయినను పిలువుండ్రి సార్. ఆఖరుచూపన్న చూసుకుంటడు."

"గుండెనా బండనా నీది!" కనకవ్వ నెత్తి కొట్టుకుంది.

మైకులో ప్రశాంత్ పేరు మోగింది. స్టేజీ మీద యూనియన్ లీడర్ల వరుసలో జైపాల్ దిగ్గున లేచాడు. జీపులో పోదామన్నా దారి లేదు. అటు తాళ్లు, ఇటు జనం.

అనసూర్య రెప్ప వెయ్యలేదు.

జైపాల్ మెట్లు దిగలేదు. దూకాడు. కర్ర కుర్చీకే ఆనించి ఉంది. తాళ్లు దాటి, చెప్పులు విడిచి ఉరికాడు. ఎదురొస్తున్న రన్నర్లే అదిరిపడి పక్కకు తప్పుకున్నారు.

"అయ్యో కొడుకా! ఏం జూస్తున్నరు? జరుగుండ్రి! దవాఖానకు నేనే ఎత్తుకపోత!"

అంత పెద్ద కొడుకును అమాంతం భుజాన వేసుకుని లేచాడు.

"కర్ర ఏది, సర్దార్?" అడిగింది అనసూర్య.

జైపాల్ ఆగిపోయాడు. జనం అతని ముఖం చూడటం లేదు. మోకాళ్లు చూస్తున్నారు.

"కొడుకు మీది పాణం... నొప్పి తెల్వలె," నసిగాడు.

"నా పెనిమిటి మీద బండ పడ్డనాడు గూడ నొప్పి లేకుండెనా?"

"నోరుముయ్, పాపిష్టిదానా! నా కొడుక్కు ఇసం పెట్టి నన్నడుగుతున్నవా?"

అప్పుడు అతని భుజం మీద వాలిన తల మెల్లగా పైకి లేచింది. మేనేజర్ వైపు తిరిగింది.

"నీళ్లల్ల ఏం లేదు. సదయ్య కాకను బండ కింద ఒదిలేసి ఉరికొచ్చింది మా నాయినే, సార్."