దోనెలో గుడ్లు

చేపలు కుప్పలుగా దొరికే మడుగు కోసం నీటికుక్కలకూ నీటికాకులకూ ఏటా దోనె పందెం జరిగేది. గెలిచినవాళ్లదే ఆ ఏడాది మడుగు.

నీటికుక్కల జట్టుకి పెద్ద గవరయ్య. ఎంత ఎక్కువ తెడ్డేస్తే అంత గెలుపని అతని నమ్మకం. అందుకే వారం వారం చెరువు చుట్లు పెంచుకుంటూ పోయాడు. అందరి భుజాలూ వాచాయి, దోనె మాత్రం రోజురోజుకీ మందగించింది.

"మీరు ఒళ్లు వంచడం లేదర్రా!" అని గవరయ్య ఇంకో చుట్టు కలిపాడు.

పందెం ఇంకో వారం ఉందనగా గాలివానకి జమ్ముకోడి గూడు కొట్టుకుపోయింది. పాపం, అది దక్కిన గుడ్లు తెచ్చుకుని వీళ్ల దోనెలో పొదగడానికి కూర్చుంది.

"లేమ్మా తల్లీ, మా కొంప ముంచకు," అన్నాడు గవరయ్య.

"పందెం నాటికి పిల్లలైపోతాయి అన్నయ్యా. ఇప్పుడు కదిపితే ఒక్కటీ దక్కదు," అంది జమ్ముకోడి ఏడుస్తూ.

ఏం చేస్తాడు? జట్టువాళ్లు ఒడ్డెక్కి వెల్లకిలా పడుకున్నారు. గవరయ్య మాత్రం వారమంతా రోజులు లెక్కపెట్టుకుంటూ ఒడ్డున పచార్లు చేశాడు.

పందెం రోజు తెల్లారేసరికి పిల్లలు దోనె దిగి తల్లి వెంట ఈదుకుంటూ వెళ్లిపోయాయి. 'ఇక అయిపోయింది మన పని' అనుకుంటూ గవరయ్య తెడ్డు అందుకున్నాడు. ఒక్క తోపుకే దోనె రివ్వున దూసుకుపోయింది! భుజం నొప్పి ఎటుపోయిందో తెలియలేదు. వెనక్కి చూస్తే నీటికాకులు ఎక్కడో చుక్కల్లా కనిపించాయి.

ఆ సాయంత్రం మడుగులో పట్టిన తొలి చేపతో గవరయ్య జమ్ముకోడి ముందు నిలబడి నసిగాడు.

"చెల్లెమ్మా, వచ్చే ఏడు పందేనికి ముందు కూడా మా దోనెలోనే గుడ్లు పెట్టుకోవూ?"

"ఏడాదికోసారి ఏం సరిపోతుంది?" అని వెనక నుంచి జట్టంతా ఒక్క గొంతుతో అరిచింది. "నెలనెలా పెట్టమను!"