ఫోటో అంచున మనిషి

కొత్త ఫోటోను గోడకి తగిలించబోతూ అమ్మ ఆగిపోయింది.

"ఇందులోనూ ఉన్నాడే వీడు!"

కొండ, పొగమంచు, కింద లోయ. ఓ అంచున గోరంత మనిషి.

"ఎవరే?"

"నాకు తోడొచ్చే ఆయనమ్మా. మనిషి పక్కనుంటేనే కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది," అంది కూతురు, కెమెరా అద్దం తుడుచుకుంటూ.

"మేడెక్కి ఊరంతా తీశావే, అందులోనూ పిట్టగోడ పక్కన వీడేగా! ఊరు ఎంత పెద్దదో నాకు తెలీదా?"

"నీ కళ్ల ముందు నా కెమెరా ఏపాటిదే!" కూతురు నవ్వేసింది.

అమ్మకి నవ్వు రాలేదు. ఒంటరి పిల్ల. వెనకాల ముక్కూ మొహం తెలియని మగాడు.

కూతురు ఇంట్లో లేనప్పుడు ఆ మనిషే వచ్చి తలుపు తట్టాడు. నెరిసిన గడ్డం, మట్టి కొట్టుకున్న బూట్లు, చేతిలో కెమెరా మూత.

"బస్సులో మరిచిపోయిందండీ. కెమెరా కంటికి పెట్టుకుంటే ఆ పిల్లకి ఒళ్లు తెలీదు కదా!"

ఆ చనువుకి అమ్మ ఒళ్లు మండింది.

"దణ్ణం పెడతాను బాబూ. మా అమ్మాయి వెంట తిరగొద్దు. నేనన్నానని దానికి చెప్పొద్దు."

ఆయన ఏదో చెప్పబోయాడు. జోడించిన ఆమె చేతులు చూసి తగ్గాడు.

"నేను రాకపోతే ఆగుతుందాండీ?"

"అది నేను చూసుకుంటాను."

"అయితే ఒంటరిగా కొండలకి వెళ్లనివ్వకండమ్మా," అని మెట్లు దిగిపోయాడు.

వారం తిరక్కుండానే కూతురు సంచి సర్దింది.

"ఆయనకి వీలుపడదటమ్మా. మంచు విడిపోతే మళ్లీ ఏడాదికే. ఆ లోయ నా కలలోకొస్తోందే."

'వద్దు' అన్న మాట నోటిదాకా వచ్చింది. వాడు వెంట లేడు కదా అన్న ధీమాతో అమ్మ దాన్ని మింగేసింది.

మర్నాటినుంచి ఫోను కలవలేదు.

భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె కాలు గాలిన పిల్లిలా తిరుగుతోంది.

"కొండల్లో సిగ్నల్ ఎక్కడిదే? నీకెప్పుడూ కీడే తోస్తుంది," అన్నాడాయన చొక్కా విప్పుకుంటూ. "అయినా పక్కన ఆ పెద్దమనిషి ఉంటాడుగా!"

"లేడు. నేనే రావద్దన్నాను."

గుండీ మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఎంత పని చేశావే!"

"ఎవరండీ అతను?"

"నీకు తెలిస్తే దాన్ని గడప దాటనివ్వవని చెప్పలేదు. అప్పుడోసారి ఫోటో తీస్తూ తీస్తూ లోయలోకి అడుగేయబోతే, రెక్క పట్టి లాగింది ఆయనే."

అమ్మ మళ్లీ నంబరు నొక్కింది. అందుబాటులో లేదు. మళ్లీ నొక్కింది.

"మరి ఫోటోల్లో ఎందుకుంటాడు?" అంది గోడ మీది ఫోటో వైపు తిరిగి.

"నేల ఎక్కడ అయిపోతుందో అక్కడ నిలబడేవాడే, తనని దాటి మన పిల్ల అడుగు పడకుండా."