పేర్లు పడ్డాక

"సున్నా అంటే సున్నానే! ఇది నువ్వు రాసింది కాదు, ఏఐతో రాయించావు" అంటూ రామచంద్రరావు, ఓ సినిమా మీద దేవి రాసిన పేపరు తెచ్చి ఆమె ముందు పడేశాడు.

షార్జాలోని ఆ కాలేజీలో ఆయన సినిమా పాఠాలు చెబుతాడు. ఈ సున్నా పడితే దేవి కోర్సు తప్పినట్టే. ఆయన గదిలో ఇద్దరే ఉండటంతో గొడవ తెలుగులోనే నడుస్తోంది.

"ఒట్టు సార్, నేనే రాసేనండి."

"మరి హీరో ఒడ్డుకు తిరిగొచ్చాడని ఎలా రాశావమ్మా? పడవ సముద్రంలో మాయమవుతుంది, పేర్లు పడతాయి, సినిమా ఖలాస్! అతను తిరిగి రాకపోవడంలోనే ఉంది గొప్పతనమంతా. నా డాక్టరేట్ దాని మీదే!"

పాపం, ఆ డాక్టరేట్ అంటే ఆయనకు ప్రాణం. రాస్ అల్ ఖైమా తీరంలో తీసిన ఆ సినిమాను ఏటా క్లాసులో వేస్తాడు. పేర్లు మొదలవగానే చటుక్కున లేచి, ప్రొజెక్టర్ ఆపి, లైట్లు వేసి, కళ్లు తుడుచుకుంటాడు.

"పేర్లయిపోయేక వస్తాడండి. లైబ్రరీలో మళ్లీ పెట్టుకుని చూసేను."

"పేర్లయ్యాక ఏముంటుంది, నా తలకాయ! యల్లా, కానియ్, చూపించు. ఉంటే పూర్తి మార్కులు, లేకపోతే సున్నా."

ల్యాప్‌టాప్‌లో పేర్లన్నీ అయిపోయాయి. తెర నల్లబడింది.

"చూశావా?" అన్నాడాయన. ఆ మాట నోట్లో ఉండగానే అలల చప్పుడు వినిపించింది. చేపల పడవ ఒకటి వచ్చి ఆగింది. పడవవాడు హీరోను చెయ్యి పట్టి ఒడ్డుకు దింపి, ఇటు తిరిగి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. దేవి బొమ్మను అక్కడ ఆపింది.

రామచంద్రరావు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాడు.

"నా డాక్టరేట్ సంగతి ఎక్కడా అనకు తల్లీ! అవునూ, పేర్లు పడుతుంటే ఎవరూ కూర్చోరే, నువ్వెందుకు కూర్చున్నావ్?"

"మా నాన్న కోసమండి. 'ఈ సినిమాలో నేనున్నానే' అని నా చిన్నప్పట్నించీ ఆయనవి ఒకటే కోతలు. ఆయన పేరు లేదని తేల్చేసి, నోరు మూయిద్దామని కూర్చున్నాను."

"ఉందా మరి?"

దేవి తెర మీది పడవవాణ్ణి చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"పేరైతే లేదండి. మనిషే నవ్వుకుంటూ వచ్చేసేరు!"